‘మంచిగనే ఉన్న బిడ్డా’: డ్రగ్ ట్రయల్‌లో ఒక లంగ్ క్యాన్సర్ పేషెంట్ కేసు

నేను హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ హాస్పిటల్లో స్టడీ కోఆర్డినేటర్‌ని, అంతకుముందు కీమో వార్డులో స్టాఫ్ నర్సుని. ట్రయల్ అంటే బయటివాళ్ళకి కొత్త మందు, పెద్ద డాక్టరు గుర్తొస్తారు గానీ రోజువారీ పని అంతా మా నెత్తిమీదే ఉంటుంది. ఫోన్లు, రక్తం ట్యూబులు, తిరిగి తెచ్చిన మాత్రల డబ్బాలు లెక్కపెట్టడం, ఆటో ఖర్చుల వోచర్లు, పేషెంట్ ఇంట్లో అసలు సంగతి ఎవరు చెప్తారో కనిపెట్టడం. ఈ చివరిది ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పరు, ఈ కేసు రాస్తున్నది దాని గురించే. మందు ఆపేస్తారేమోనన్న భయం ఉన్న మనిషి సైడ్ ఎఫెక్టులు చెప్పదు. చెప్పకపోతే మనం రాసుకునే డేటా తప్పవుతుంది, అంతకంటే ముందు ఆ మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

పేషెంట్, ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. మందు పేరు, కంపెనీ పేరు చెప్పే వీల్లేదు, ట్రయల్ ఇంకా నడుస్తోంది.

ట్రయల్‌కి ముందు

ఆమెకి 57 ఏళ్ళు. ఉప్పల్ వైపు ఉంటారు, అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేశారు. భర్త ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. కొడుకుది ప్రైవేటు ఉద్యోగం, కోడలు ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది (ఈ కుట్టుపని కేసులో తర్వాత పనికొస్తుంది). బీడీ, చుట్ట అలవాటు లేదు, పెళ్ళయిన కొత్తలో చాలా ఏళ్ళు కట్టెల పొయ్యి దగ్గర వండారు. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడతారు.

దగ్గు మొదలైనప్పుడు దగ్గర్లో చూపించుకుంటే ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అన్నారు. కఫంలో క్రిములు దొరకలేదు, అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. మన దగ్గర లంగ్ క్యాన్సర్ పేషెంట్లలో ఈ కథ చాలా మామూలు. టీబీ ఇంత ఎక్కువున్న దేశంలో మచ్చ కనిపిస్తే ముందు టీబీ అనుకోవడం పూర్తిగా తప్పని అనలేం, కానీ మందు వాడుతున్నా మచ్చ తగ్గకపోతే, కఫంలో ఏమీ దొరక్కపోతే, ఇంకో నెల చూద్దాం అనకుండా సీటీకో బయాప్సీకో పంపాలి కదా. ఆమెకి నాలుగు నెలలు అలా గడిచిపోయాయి. కడుపులో తిప్పుతోందని చెప్పిన ప్రతిసారీ ‘ఓర్చుకోవాలె, మధ్యలో ఆపితే మందు పనిచెయ్యదు’ అనే చెప్పారట. టీబీకి అది సరైన మాటే, అయితే ఆమె మనసులో అది అన్ని మందులకీ వర్తించే నియమంగా స్థిరపడిపోయింది.

చివరికి ఆయాసం మొదలయ్యాక సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తిలో గడ్డ, చుట్టూ నీరు. తీసిన నీటిలో అడినోకార్సినోమా (ఒక రకం క్యాన్సర్) కణాలు. స్టేజ్ 4. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే టెస్ట్ పాజిటివ్, ఎక్సాన్ 19 డిలీషన్ అనే మార్పు. పొగ తాగని ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించే రకం ఇది. ఆ మార్పు ఉన్నవాళ్ళకిచ్చే జెఫిటినిబ్, రోజుకో మాత్రతో మొదలుపెట్టారు. కొన్ని వారాలకే దగ్గు తగ్గింది, ఆకలి వేసింది, మెట్లెక్కగలిగారు. మొహం మీద మొటిమల్లాంటి పొక్కులు వస్తే, ‘మంచిదే, మందు పట్టినట్టు లెక్క’ అని ఓపీలో ఎవరో అన్నారు. ఈ రకం మందుల్లో పొక్కులకీ మందు పనిచెయ్యడానికీ కొంత సంబంధం ఉన్న మాట నిజమే. ఆమె మాత్రం దీన్ని కూడా రెండో నియమంగా దాచుకున్నారు: ఒంటికి ఏదో ఒకటి కావాలి, అప్పుడే మందు లోపల పనిచేస్తున్నట్టు.

ఏడాది దాటాక గడ్డ మళ్ళీ పెరిగింది, కాలేయంలో రెండు చోట్ల కొత్తగా కనిపించింది. టీ790ఎం (ఆ మాత్ర పనిచెయ్యకుండా చేసే ఇంకో జన్యు మార్పు) కోసం రక్తం, తర్వాత బయాప్సీ, రెండూ నెగెటివ్. అప్పటికి ఆమె ముందున్న దారి కార్బోప్లాటిన్, పెమెట్రెక్సెడ్ కీమో. అదే కీమోకి ఒక కొత్త మాత్ర జతచేసి చూసే ఫేజ్ 3 (ఎక్కువమంది మీద పోల్చి చూసే దశ) ట్రయల్ మా దగ్గర నడుస్తోంది. డాక్టర్ గారు రెండు దారులూ చెప్పి, ట్రయల్ గురించి మాట్లాడమని నా దగ్గరికి పంపారు.

కన్సెంట్

పెద్దాయన కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న: ‘ఖమ్మంల ఆడపిల్లల మీద చేసినట్టు చేస్తరా?’

ఆ ప్రశ్నని పక్కకి నెట్టకూడదని నా అభిప్రాయం. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టు జరిగింది, హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ చావులు టీకా వల్ల కాదని విచారణలో తేల్చారు, కానీ కన్సెంట్ (ఒప్పుకోలు) తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. సుప్రీంకోర్టులో ట్రయల్స్ మీద కేసు నడిచిందీ ఆ రోజుల్లోనే. ఇప్పుడు మేం పనిచేసేది 2019లో వచ్చిన కొత్త రూల్స్ కింద. ట్రయల్‌కి ముందే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చెయ్యాలి, ఎవరైనా నెట్‌లో చూడొచ్చు. ట్రయల్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో డాక్టర్లే కాకుండా లాయరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి కూడా ఉండాలి. ఇదంతా పెద్దాయనకి చెప్పాను. ఆయన ఫోన్లో సీటీఆర్ఐ పేజీ తీసి చూపించాక కాస్త మెత్తబడ్డారు.

ఆమె ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. ‘నా మీద ప్రయోగమా?’

‘అవునమ్మా, ప్రయోగమే’ అన్నాను. కొందరు కోఆర్డినేటర్లు ‘అబ్బే, కొత్త ట్రీట్‌మెంట్ అంతే’ అంటారు, నాకు అది నచ్చదు. మీరు ఏడాది పైగా వేసుకున్న మాత్రని కూడా ఇలాగే ముందు ఎవరో మింగితే తెలిసిందని చెప్పాను. ఐపాస్ అని 2009లో వెలువడిన స్టడీలో ఆసియా దేశాల పేషెంట్లు 1217 మంది చేరారు, జెఫిటినిబ్ ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి పనిచెయ్యదు అన్నది తేలింది అందులోనే. ఆమె కాసేపు ఆలోచించి, ‘అయితే ఎవరికో బాకీ ఉన్న’ అన్నారు. పేషెంట్ మీద అలాంటి బరువు పెట్టడం నా ఉద్దేశం కాదు కాబట్టి, బాకీ ఏమీ లేదు, వద్దన్నా ఇదే డాక్టర్ ఇదే కీమో ఇస్తారు, మధ్యలో ఎప్పుడైనా మానెయ్యొచ్చు అని మళ్ళీ చెప్పాను.

ఏ గుంపులో పడతారన్నది కంప్యూటర్ తేలుస్తుంది, చిట్టీల డబ్బాలోంచి పేరు తీసినట్టు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర, కీమో మాత్రం అందరికీ. ఎవరికి ఏది వెళ్ళిందో పేషెంట్‌కి తెలియదు, డాక్టర్‌కి తెలియదు, నాకూ తెలియదు.

కొత్త మందు ట్రయల్స్‌లో వల్నరబుల్ (తేలిగ్గా ఒత్తిడికి లోనయ్యే) పేషెంట్ల కన్సెంట్‌ని వీడియో తియ్యాలి, నయం కాని జబ్బున్నవాళ్ళూ ఆ లెక్కలోకే వస్తారు. వీడియో రోజున ఆమె పండక్కి కట్టే చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చారు. ‘ఇది యూట్యూబ్‌ల వస్తదా?’ అని పెద్దాయన అడిగారు. రాదు, తాళం వేసి దాస్తాం అంటే ఆయనకి కొంచెం నిరాశే అనిపించింది.

తినకూడనివి చెప్పడం ఇంకో పెద్ద పని. ఫారంలో గ్రేప్‌ఫ్రూట్ అని రాసి ఉంటుంది, ఉప్పల్‌లో గ్రేప్‌ఫ్రూట్ ఎవరు తింటారు? మనం చెప్పాల్సింది పంపరపనస. రెండూ దగ్గరి జాతులే, మందుని విరిచే ఎంజైమ్‌ని పేగులో అడ్డుకుంటాయి, రక్తంలో మందు పాళ్ళు పెరిగిపోతాయి. పేరు మార్చి అడగ్గానే ‘అయ్యో, అది బండి మీద అమ్ముతరు, నాకు పాణం’ అన్నారు. తిప్పతీగ కషాయం గురించి కూడా విడిగా అడిగాను. కరోనా తర్వాత చాలా ఇళ్ళల్లో అది అలవాటైంది, దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై డాక్టర్లు రాశారు. మా ట్రయల్‌లో కాలేయం ఎంజైములు ప్రతి సైకిల్‌కీ చూస్తాం, అవి పెరిగితే మందు వల్లో కషాయం వల్లో తేల్చుకోలేక చస్తాం. ఆడపడుచు తెచ్చిచ్చిన సీసా ఒకటి ఇంట్లో ఉందని అప్పుడు బయటపడింది. జూన్ కావడంతో మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇచ్చే చేప ప్రసాదం సంగతి కూడా వచ్చింది, దగ్గు కదా, వేసుకోవచ్చా అని. వద్దన్నాం. ముందు అడిగినందుకు మాత్రం నేను లోపల్లోపల సంతోషపడ్డాను, చాలామంది వేసుకున్నాక చెప్తారు.

డైరీలో సున్నాలు

స్క్రీనింగ్‌లో అన్నీ బాగున్నాయి. బరువు 56 కిలోలు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8, మెదడు ఎమ్మారై శుభ్రం, తన పనులు తానే చేసుకోగలరు. టార్గెట్ గడ్డల (ప్రతి స్కాన్‌లో కొలవడానికి ఎంచుకున్నవి) కొలతలు కలిపితే 84 మిల్లీమీటర్లు. 21 రోజులకో సైకిల్, రోజుకి రెండుసార్లు మాత్ర. ఇంటికి ఒక డైరీ, విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రల స్ట్రిప్ ఒకటి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రాత్రీపగలూ పలికే ఫోన్ నంబరున్న కార్డు ఇచ్చి పంపాం. ఈ మాత్రకి విరేచనాలు వస్తాయని ముందే తెలుసు, అందుకే ఆ కిట్టు. డైరీలో రోజుకి ఎన్నిసార్లు వెళ్ళారో అంకె వెయ్యాలి.

రెండో సైకిల్‌కి వచ్చినప్పుడు ‘మంచిగనే ఉన్న బిడ్డా, ఏం లేదు’. డైరీ నీటుగా ఉంది, విరేచనాల గడిలో వరసగా సున్నాలు. మాత్రల లెక్క ఒక్కటి కూడా తేడా లేదు. కీమో ముందు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగిందని మెట్‌ఫార్మిన్ డోసు పెంచారు. స్టెరాయిడ్ రోజుల్లో నిద్ర పట్టట్లేదనీ, రాత్రి రెండింటికి లేచి స్టీలు గిన్నెలన్నీ తోముతున్నాననీ ఆమే నవ్వుతూ చెప్పారు. అంటే అన్నీ దాచే మనిషి కాదు. మందుకి ముడిపడదు అనుకున్నవి హాయిగా చెప్పేవారు.

అప్పుడు మాట్లాడిందల్లా బోనాల గురించి. సికింద్రాబాద్ లష్కర్ బోనాలకి పుట్టింటికి వెళ్ళాలి, బోనం ఎత్తాలి, మూడో సైకిల్ సరిగ్గా ఆ తర్వాతే పడుతోంది. విజిట్‌కి అటూ ఇటూ మూడు రోజుల వెసులుబాటు ఉంది కాబట్టి సర్దాం. ఇలాంటి సర్దుబాట్లు చిన్నవిగా కనిపిస్తాయి కానీ, పండగ పోయిందన్న కోపంతో ట్రయల్ మానేసినవాళ్ళని చూశాను. గుంపులో తిరగొద్దు, తెల్లకణాలు తక్కువుండే రోజులు దాటాక వెళ్ళండి, బోనం కోడలు ఎత్తుతుంది, మీరు పక్కన నడవండి అని డాక్టర్ గారు చెప్పారు. ఆమె ఎత్తారనే నా అనుమానం, అడగలేదు.

మూడో సైకిల్ రోజు. అదే రోజు ఆరు వారాల సీటీ రిపోర్టు కూడా చేతికొచ్చింది: 84 నుంచి 69కి తగ్గింది. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు. ఆమె అదే నవ్వు, అదే ‘మంచిగనే ఉన్న’. డైరీలో సున్నాలు. లోపెరమైడ్ స్ట్రిప్ బ్యాగులోంచి తీసి, ‘చూడు, విప్పనే లేదు’ అని చూపించారు. తూకం 52 కిలోలు. క్రియాటినిన్ 1.4, పొటాషియం 3.1. నాలుక పొడిగా ఉంది, చేతి మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవట్లేదు. ఆమె వయసు, బరువులతో కిడ్నీ క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో) లెక్కవేస్తే 36 వచ్చింది. 45 కంటే తక్కువుంటే పెమెట్రెక్సెడ్ ఇవ్వకూడదు.

సున్నా విరేచనాలతో మనిషి ఇలా ఎండిపోదు. ఆమెని బీపీ చూసే నెపంతో లోపల కూర్చోబెట్టి, కోడల్ని కారిడార్‌లోకి పిలిచి, విరేచనాల మాట ఎత్తకుండా, ‘అత్తమ్మ ఇంట్లో ఎట్ల ఉంటున్నరు?’ అని మాత్రమే అడిగాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం తలుపు వైపు చూసి, ‘రెండుసార్లు జాకెట్లు లోపలికి కుట్టిన మేడం’ అంది. మొదటిసారి ఒక అంగుళం, నెల తిరక్కుండా మళ్ళీ. కొలతలు రాసుకునే నోటుబుక్కు ఫొటో ఫోన్లోంచి తీసి చూపించింది, చెస్ట్ 36 కొట్టేసి 35, అదీ కొట్టేసి 34. మా సోర్స్ డాక్యుమెంట్లు (పేషెంట్ అసలు రికార్డులు) కూడా ఇంత శుభ్రంగా ఉండవు. తర్వాత మిగతాదంతా వచ్చేసింది. రాత్రి నాలుగైదు సార్లు బాత్రూం లైటు వెలుగుతోంది. పెరుగులో మెంతులు కలిపి మింగుతున్నారు. హాస్పిటల్‌కి వచ్చే ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినరు, మెట్రోలో ఇబ్బంది అవుతుందని. అందుకే విజిట్ రోజు ఎప్పుడూ ‘మంచిగనే’ కనిపించేవారు. ‘మేడంకి చెప్తే నా మందు బంద్ వెడ్తరు, నువ్వు నోరు తెరవకు’ అని కోడలి దగ్గర ఒట్టు వేయించుకున్నారు.

లోపలికి వెళ్ళి ఆమెని ‘విరేచనాలు అవుతున్నాయా?’ అని అడగలేదు. అవునా కాదా అన్న ప్రశ్నకి జవాబు ముందే సిద్ధంగా ఉంది. ‘నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా చెప్పమ్మా, చాయ్ ముందు ఎన్నిసార్లు, చాయ్ తర్వాత ఎన్నిసార్లు’ అన్నాను. ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు, ఎనిమిది దాటింది, అక్కడ ఆగిపోయి నా మొహం చూశారు. ఎవరు చెప్పారో తెలిసిపోయింది.

తర్వాత చెప్పిన కారణాలు రెండు, రెండూ నేను పైన రాసినవే. టీబీ మందు మధ్యలో ఆపొద్దన్నారు కాబట్టి ఇదీ ఆపకూడదు, ఆపితే గడ్డ మొండిపడుతుంది. ఇక రెండోది, ‘ఉత్త గోలీ అయితే ఇంతగనం కడుపు కడుగుతదా? నాకు అసలు మందే వచ్చింది, నాకెర్కే.’ విరేచనాలు అయిన ప్రతిసారీ ఆమెకి లోపల ధైర్యం వచ్చేదట. ఒకసారి రెండు రోజులు తగ్గితే టెన్షన్ పడ్డారట.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. ఆమె ఊహ తప్పని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఒప్పని చెప్పడానికీ లేదు. డోసు పెంచిన మెట్‌ఫార్మిన్‌కి విరేచనాలు వస్తాయి, కీమోకి వస్తాయి, బోనాల్లో తిన్నదానికి వస్తాయి. అదే ఆమెకి చెప్పాం. ‘అన్నీ కలిసి వచ్చినయేమో, కానీ మందు కూడా ఉంది’ అన్నారు. ఎమర్జెన్సీలో ఏ మాత్రో తెలిస్తేనే వైద్యం సాగుతుంది అన్నప్పుడు తప్ప, ఎవరికి ఏ మాత్ర వెళ్ళిందో చెప్పే కోడ్ విప్పరు. ఆమెకి కావాల్సింది సెలైన్, పొటాషియం, మాత్ర ఆపడం. దానికి కోడ్ అక్కర్లేదు.

అడ్మిట్ చేశాం. రోజుకి మామూలు కంటే ఏడుసార్లు ఎక్కువైతే, లేదా హాస్పిటల్లో చేర్చాల్సి వస్తే గ్రేడ్ 3, అంటే తీవ్రమైనది. అడ్మిషన్ అయింది కాబట్టి సీరియస్ ఈవెంట్, 24 గంటల్లోగా డ్రగ్స్ కంట్రోలర్ ఆఫీసుకి, స్పాన్సర్‌కి (ట్రయల్ నడిపించే కంపెనీ), ఎథిక్స్ కమిటీకి రిపోర్టు వెళ్ళాలి, 14 రోజుల్లో కారణాల విశ్లేషణ పంపాలి. ట్రయల్‌లో జరిగిన హానికి వైద్యం ఉచితంగా చెయ్యాలని రూలు, ఇది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా బాధ్యత స్పాన్సర్‌దే. పెద్దాయన డిశ్చార్జి రోజు బిల్లులో సున్నా చూసి రెండుసార్లు కౌంటర్‌లో అడిగి వచ్చారు. మెట్‌ఫార్మిన్ ఆపి షుగర్‌కి కొన్నాళ్ళు ఇన్సులిన్ ఇచ్చారు. మలం పరీక్షలో ఇన్‌ఫెక్షన్ ఏమీ లేదు. కొన్ని రోజులకి క్రియాటినిన్ ఒకటి కంటే దిగింది.

తర్వాత డైరీ గొడవ. స్పాన్సర్ నుంచి క్వెరీ, అంటే డేటా మీద ప్రశ్న: డైరీలో సున్నా, డాక్టర్ నోట్‌లో ఎనిమిది, సరిచెయ్యండి. రోజువారీ అంకెలు మళ్ళీ వేయించమని మానిటర్ (స్పాన్సర్ తరఫున మా రికార్డులు సరిచూసే మనిషి) ఫోన్ చేశారు. నేను ఒప్పుకోలేదు. మూడు వారాల కింద మంగళవారం నాడు ఎన్నిసార్లు వెళ్ళారో ఎవరికి గుర్తుంటుంది, అడిగితే ఆమె నన్ను సంతోషపెట్టడానికి ఏదో ఒకటి వేస్తారు, అది సున్నా కంటే పెద్ద అబద్ధం. పాత పేజీలు అలాగే ఉంచి, ‘సుమారు మూడు వారాలుగా రోజుకి ఆరు నుంచి తొమ్మిది, పేషెంట్, కోడలు జ్ఞాపకం మీద చెప్పినది’ అని నోట్ రాసి, తేదీ వేసి, డాక్టర్ గారి సంతకంతో పంపాం. క్వెరీ మూసేశారు.

డోసు తగ్గించాక

విరేచనాలు తగ్గాక మాత్ర మళ్ళీ మొదలుపెట్టాలి, ఒక మెట్టు తగ్గించి. ఈ మాట విన్నప్పుడు ఆమె ఏడ్చారు. స్టేజ్ 4 అన్నప్పుడు కూడా ఏడవలేదని కోడలు చెప్పింది. ‘తగ్గించిన్రంటే ఇగ పనిచెయ్యదు గదా.’

ఎక్కువ డోసు అంటే ఎక్కువ పని అన్న నమ్మకం పేషెంట్లది మాత్రమే కాదు. కీమో కాలం నుంచి మనుషుల మీద మొదటి దశ అయిన ఫేజ్ 1లో మనిషి తట్టుకోగలిగినంత పై డోసు కనుక్కుని, దాన్నే తర్వాతి దశలకి తీసుకెళ్ళడం పద్ధతి. ఇలాంటి టార్గెటెడ్ మాత్రలకి అది ఎప్పుడూ సరిపోదని ఇప్పుడు డాక్టర్లే అంటున్నారు. అమెరికా ఎఫ్‌డీఏ 2021లో ప్రాజెక్ట్ ఆప్టిమస్ అని మొదలుపెట్టింది, పై డోసు కాదు, సరైన డోసు వెతకమని కంపెనీల వెంటపడటం దాని పని. మా డాక్టర్ గారు ఇదంతా చెప్పలేదు, ‘గడ్డకి కావలసినంత మందు ఈ డోసులోనూ అందొచ్చు, మీ పేగుకి మాత్రం ఇది తట్టుకునే డోసు’ అన్నారు. సగం నమ్మారు.

ఆమెని మార్చింది మాత్రం ఈ మాట కాదు. ప్రోటోకాల్‌లో (ట్రయల్ నియమాల పుస్తకం) మందు ఎప్పుడు ఆపాలో చెప్పే పట్టిక ఉంటుంది. దాన్ని తెలుగులో చెప్తూ కాగితం మీద గీసి చూపించాను. ఇలా ఎక్కువైతే కొన్ని రోజులు ఆపుతాం, తగ్గాక ఒక మెట్టు దిగి మళ్ళీ మొదలుపెడతాం, ఇంకోసారి వస్తే ఇంకో మెట్టు, ఆ తర్వాత కూడా వస్తేనే పూర్తిగా ఆపేది. తొందరగా చెప్తే లోపెరమైడ్‌తోనే పోతుంది, మెట్టు దిగే పనే ఉండదు. దాచి అడ్మిట్ అయితే మెట్టు ఖర్చవుతుంది. అది చూసి, ‘గీ కాగితం మొదలే ఇయ్యకపోతివి?’ అన్నారు. పేషెంట్‌కి ఇచ్చే ఏ కాగితమైనా ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, అందుకే అప్పుడు చేతికివ్వలేదు, చూపించి వెనక్కి తీసుకున్నాను. తర్వాత కమిటీకి పంపి అనుమతి తీసుకున్నాం, ఇప్పుడు ఆ ట్రయల్‌లో చేరేవాళ్ళందరికీ మొదటిరోజే ఇస్తున్నాం.

దాని తర్వాత ఆమె ఫోన్లకి అంతులేదు. ఎక్కిళ్ళు వస్తే ఫోన్, గోరుచుట్టు వస్తే ఫోన్, రాత్రి పదింటికి ‘కడుపుల గుడగుడ అంటున్నది, గోలీ ఏస్కోనా?’ అని ఫోన్. విసుగొచ్చిన రోజులున్నాయి. డైరీలో మాత్రం రెండు, మూడు, ఒకటి, నాలుగు. నిజమైన డైరీ ఎప్పుడూ ఇలా గజిబిజిగానే ఉంటుంది. అంతా నీటుగా ఒకే అంకెతో ఉన్న డైరీ వస్తే ఇప్పుడు నేను ముందు ఇంట్లోవాళ్ళతో మాట్లాడతాను.

తగ్గించిన డోసు మీద పన్నెండు వారాల స్కాన్ 58 మిల్లీమీటర్లు. 30 శాతం దాటి తగ్గింది కాబట్టి రెసిస్ట్ (గడ్డల కొలతల్ని బేరీజు వేసే పద్ధతి) లెక్కలో పార్షియల్ రెస్పాన్స్, అంటే కొంతమేరకు తగ్గినట్టు. ఆమె ఆ రిపోర్టు కోడలితో చదివించుకుని, తగ్గించాక కూడా తగ్గిందని పక్కింటివాళ్ళందరికీ చెప్పారట. అది కీమో గొప్పో మాత్ర గొప్పో ఎవరికీ తెలియదని నేను అన్నాను, విననట్టు ఊరుకున్నారు. ఆ ఏడు బతుకమ్మ పేర్చారు, జాకెట్లు కొంచెం వదులు చేయించుకున్నారు.

స్కాన్ చెప్పిన మాట

పద్దెనిమిది వారాలకి 60. ఇరవై నాలుగు వారాలకి 71. అన్నిటికంటే తక్కువగా ఉన్న కొలత 58, దానిమీద 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే జబ్బు ముదిరినట్టు. పెరిగింది 13, అంటే 22 శాతం పైనే. ప్రోటోకాల్ ప్రకారం మాత్ర ఆపాలి.

ఆమెకి ఏ ఇబ్బందీ లేదు. దగ్గు లేదు, బరువు 55, రెండో అంతస్తు ఆగకుండా ఎక్కుతున్నారు. మొదట్లో ఒళ్ళు ఎండిపోతున్నప్పుడు స్కాన్ బాగుంది, ఇప్పుడు ఒళ్ళు బాగున్నప్పుడు స్కాన్ బాగాలేదు. ‘నేను అన్నీ చెప్పిన గదా, చెప్తే ఆపరంటివి గదా’ అన్నారు. కోపం నా మీదే, నేనే ఎదురుగా ఉన్నాను. ఈసారి ఆపుతున్నది మీరు చెప్పినదాని వల్ల కాదమ్మా, గడ్డ వల్ల అన్నాను. అప్పుడు గీసిన కాగితంలో ఆ గడి కూడా ఉంది, చూపించాను. చూడలేదు.

కొన్ని ట్రయల్స్‌లో మనిషి బాగుంటే గడ్డ పెరిగినా మందు కొనసాగించే వీలుంటుంది, ఇందులో లేదు. అలాంటి వీలు ఉండాలని నాకు అనిపిస్తుంది, అయితే అందరికీ ఒకే గీత లేకపోతే రెండు గుంపులనీ పోల్చలేమని డాక్టర్ గారు అంటారు. మా ఇద్దరికీ ఈ వాదన తెగలేదు.

చివరి మాత్ర తర్వాత నెల రోజుల సేఫ్టీ విజిట్‌కి ఆమె ఒక్కరే మెట్రోలో వచ్చారు, కోపం తగ్గింది. ఇప్పుడు డోసెటాక్సెల్ అనే ఇంకో కీమో నడుస్తోంది, అది ట్రయల్‌లో భాగం కాదు. జుట్టు రాలింది, కాళ్ళు తిమ్మిర్లు, షుగర్ మళ్ళీ ఎగుడుదిగుడు. నొప్పికి పాలియేటివ్ టీమ్ కూడా చూస్తోంది. ట్రయల్ తరఫున మూడు నెలలకోసారి నేను ఫోన్ చెయ్యాలి, బతికున్నారా, ఏ ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నారు అన్న రెండు ప్రశ్నలే ఫారంలో ఉంటాయి. మేం అరగంట మాట్లాడుకుంటాం, ఫారంలో రెండు గళ్ళు నింపుతాను.

ప్రతిసారీ ఆమె అడిగేది ఒకటే, అసలు గోలీయా ఉత్త గోలీయా అని. ట్రయల్ ముగిసి కోడ్ విప్పాక తెలుస్తుంది, అప్పటికి తను లేకపోతే కోడలికి చెప్పాలంటున్నారు. భర్తకి కాదు, కొడుక్కి కాదు, కోడలికే. పేషెంట్ తర్వాత ఆ సమాచారం ఎవరికివ్వాలో రాసే గడి మా ఫారంలో లేదు. ఆమె సంతకంతో ఒక ఉత్తరం తీసుకుని ఎథిక్స్ కమిటీకి పంపాను, వచ్చే మీటింగ్ అజెండాలో పెట్టారు.